చెమట పట్టిన టికీ

జమ్మలమడుగు దాటి పెద్దముడియం పోయే దారిలో, గొర్రెలు మేపుకునే బాలన్న దొడ్డి ముందర. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన దేవదానం ఖాళీ గోనెసంచి చంకలో పెట్టుకొని ఆటో దిగినాడు. దారిపొడుగునా మింగుకుంటూ వచ్చిన కోపమంతా బాలన్న మీదనే దిగింది.

“నా బొమ్మ నాకు ఇయ్యమంటే ఇన్ని మాటలేంది బాలన్నా? సంచిలో ఏసుకుంటా, ఆటోలో పెట్టుకుంటా, పోతా. అంతే.”

“అంతే అంటే ఎట్లప్పా. రోంత కూచ్చో. నీళ్లు తాగు.”

“నీళ్లొద్దు. దానికి పసుపు ఎవురు పూసినారు?”

“ఎవురో పూసింటారు.”

“ఎవురో ఏంది? నీ దొడ్డి, నీ వాకిలి. పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ. ఆ పక్కన టెంకాయ చిప్పలు కుప్ప పడినాయి.”

“ఆడోళ్లప్పా. రాజుపాలెం నుంచి గూడా ఆటో కట్టుకోని వస్తాండారు. వద్దంటే వింటారా?”

“నువ్వు వద్దన్నావా?”

“అనల్లనే అనుకున్నా.”

“అనుకున్నాడంట. చూడు బాలన్నా, నీకు మల్లా చెప్తాండా. అది దేవుడు కాదు. టికీ. యాడనో సముద్రం నడమ దీవుల్లో మొద్దుల మీద ఇట్ల మొగాలు చెక్కుతారు. ఫోన్లో చూసినా, బాగుండాయనిపించింది, నేనూ చెక్కినా. ముప్పై ఏండ్లు స్టీరింగు తిప్పిన చేతులు, ఊరకే ఉండలేకపోయినాయి. కాలక్షేపం.”

“ఆ దీవుల్లో వాళ్లు దాన్ని మొక్కుకోరా?”

“పాతకాలంలో మొక్కినారంట.”

“మల్లా?”

“మల్లా ఏంది మల్లా? ఇప్పుడు అందానికి హోటళ్ల ముందర పెట్టుకుంటాండారు.”

“మన పోతురాజు గూడా ఇట్లనే ఉంటాడప్పా. గుడ్లు ఉరిమి, పండ్లు బయటపెట్టి.”

“పోతురాజూ కాదు, ఏ రాజూ కాదు. వేంపల్లె నుంచి తెచ్చిన వేపమొద్దు. దానికి కండ్లు నేను పెట్టినా. పండ్లు నేను పెట్టినా. కింది పండు కాడ ఉలి జారింది చూడు, ఆ సందు గూడా నాదే.”

“ఆ సందులోనే తాంబూలం పెడతాండారు.”

“ఓరి దేవుడా.”

“మరి దానికి చెమట పట్టె గదప్పా. ఎండాకాలంలో నడిమధ్యాన్నం మా ఇంటామె అక్కమ్మే చూసింది. నుదురు మీంచి, ముక్కు మీంచి బొట్లు బొట్లుగా కారుతాండాది. ఆ వారంలోనే గొర్రెలకు తగులుకున్న రోగం పోయె. ఇంగ ఊరు రాకుండా ఉంటాదా?”

“అది చెమట కాదు, ఆముదం. పురుగు పట్టకుండా మొద్దుకు ఆముదం తాపినా, తాగినంతా తాపినా. మన ఎండకు బండలే పగులుతాయి, ఆముదం కారదా?”

“ఆముదమేనేమో అని నేనూ అక్కమ్మతో అన్నా.”

“ఏమనింది?”

“దేవునికి ఆముదమే చెమట అనింది.”

“నవ్వాకు బాలన్నా. నాకు నవ్వు రాలేదు. మా చర్చి సెక్రెటరీ శాంసన్ దీన్ని ఫోటో తీసినాడు, పసుపుతో సహా. పాస్టరు అయ్యగారి ముందర ఫోను పెట్టి, ఇది దేవదానం చేతిపని గాదా అని అడిగినాడు. జమ్మలమడుగులో ఇట్లాంటి మొగాలు చెక్కేది నేనొక్కన్నే, కాదని ఎట్లనేది? ఆదివారం కమిటీ కూచ్చుంటాది. ఆ లోపల ఇది ఈడ లేకపోతే సరి. ఉంటే నన్ను సంస్కారానికి రావద్దంటారు. అందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాంటే నేను బెంచీ మీద కూచ్చోని చూడల్ల.”

“అంత మాటంటారా?”

“నన్నంటే పోనీ. మా జ్ఞానమ్మ చర్చిలో ఆడోళ్ల సంఘం, స్త్రీల మైత్రికి పెద్ద. మొగుడు విగ్రహాలు చేస్తాంటే పెండ్లాన్ని ఆ కుర్చీలో ఉండనిస్తారా? ఆమెకు ఆ కూటమే ప్రాణం.”

“అక్కకు తెలుసునా నువ్వు ఈడికి వచ్చినావని?”

“తెలిస్తే ఇంగేమన్నా ఉండాదా? ఈపొద్దు బుధవారం. పెద్దముడియంలో ప్రార్థన కూటానికి పోతాది. అదును చూసుకోని వచ్చినా.”

“ఈపొద్దు బుధవారమా?”

“ఏం?”

“ఏం లేదప్పా. పొద్దు శానా పోయింది. నువ్వు ఇంటికి పో. రేపు నేనే సంచిలో ఏసుకోని తెచ్చి ఇస్తా.”

“ఊరికే ఆ దావ దిక్కు చూస్తాండావేంది? ఎవురన్నా వస్తాండారా?”

“గొర్రెలు రావల్ల.”

“గొర్రెలు దొడ్లోనే ఉండాయి గదా.”

“మిగతావి.”

“నువ్వేదో దాస్తాండావు. అసలు ఇది నీకు ఎట్ల వచ్చింది? క్రిస్మసు ముందర ఇంటికి సున్నం కొట్టించేటప్పుడు జ్ఞానమ్మ దీన్ని నీళ్లపొయ్యిలో పెట్టినా అనింది. బూడిద గూడా చూపించింది. ఆ పొద్దు నేను అన్నం తినలా.”

“దిబ్బలో దొరికింది.”

“ఏ దిబ్బ?”

“మీ వీధి దిబ్బే.”

“మా వీధికి నువ్వెప్పుడొచ్చినావు?”

“వస్తాంటా, అప్పుడప్పుడు.”

“నీకు అబద్ధం చెప్పను గూడా రాదు బాలన్నా. దొరికింది సరే, దొరికిననాడు నాకు ఒక మాట చెప్పింటే ఈ పీకులాట ఉండేదా? నాకు యాడ మండుతాదో తెలుసునా? అయ్యగారు దీన్ని సైతాను అంటాడు. మీ వాళ్లు దేవుడంటారు. చెక్కింది ఎట్లుండాదని ఒక్కరన్నా చూసినారా? ఆ కనుబొమ్మ తిప్పిన తీరు చూడు. అది అట్ల తిరగను వారాలు పట్టింది. బొటనవేలు కోసుకున్నా.”

“బాగుండాది గదప్పా.”

“నేను అడిగినాక అంటాండావు. పరాయోళ్లను అనేదేముంది, మా ఇంట్లోనే వసారాలో చెక్కుతాంటే జ్ఞానమ్మ మొగం అటు తిప్పుకోని పోతాండె. ఒక్కనాడన్నా కన్నెత్తి చూసిందా?”

“చూసింటాదిలే.”

“నీకేం తెలుసు?”

“నాకేం తెలుసు.”

“మల్లా చెక్కుదామంటే ఇంగ నాతో కాదు. వానాకాలంలో పక్షవాతం తగిలినప్పట్నించి ఈ కుడిచెయ్యి చూడు, టీ గ్లాసు పట్టుకుంటే సగం కింద పోతాది. ఉలి ఏం పడతాది? నా చేత అయిన మంచి బొమ్మ ఇదొక్కటే. మిగతావన్నీ మొగాలా అవి, గుమ్మడికాయలు. పక్కకు జరుగు.”

“ముట్టాకప్పా.”

“నా బొమ్మను నేను ముట్టుకోకూడదా?”

“నేను మాటిచ్చినా.”

“ఎవురికి? ఉండు. ఇదేంది, కింద తెల్లగా? మైనం. బాలన్నా, ఇది కొవ్వొత్తి మైనం. మీరు ప్రమిదలు గదా పెట్టేది?”

“కరెంటు పోయింటాది.”

“ఆరుబయట కరెంటేంది? మేము సమాధుల పండగకు ముట్టించే కొవ్వొత్తులు ఇవి. అంటే మా వాళ్లే ఎవురో వస్తాండారు. శాంసన్ గదా? నన్ను పట్టియ్యల్లని వాడే పెట్టి, వాడే ఫోటో తీసినాడు. అదే గదా?”

“శాంసన్ కాదు.”

“మరెవురు?”

“చెప్పనని మాటిచ్చినానప్పా.”

“నన్ను పదిమందిలో నిలబెట్టి కడిగేస్తాంటే నీకు నీ మాట ముఖ్యమా? ఎన్నిసార్లు నీ గొర్రెపిల్లలను బస్సులో ఏసుకోని పులివెందుల సంతకు చేర్చినా? ఆఫీసులో తిట్లు తిన్నా. ఒక్క పేరు చెప్పలేవా బాలన్నా?”

“జ్ఞానమ్మక్క.”

“ఏ జ్ఞానమ్మ?”

“ఎంతమంది ఉండారప్పా? మీ ఆమే. పొయ్యికాడికి తీసకపోయిందంట. మూతికాడ నీ బొటనవేలి నెత్తురు మరక కనబడిందంట. ఇంగ పొయ్యిలో పెట్టను చెయ్యి రాలేదంట. వేరే కట్టె కాల్చి నీకు బూడిద చూపించి, దీన్ని పాతచీరలో చుట్టుకోని తెచ్చి నాకిచ్చింది. దాచిపెట్టు బాలన్నా, ఆయప్పకు చెప్పాకు అనింది. చెమట పట్టింది, పసుపు పూసింది, అదంతా తర్వాత.”

“కొవ్వొత్తి?”

“నీకు చెయ్యి పడినప్పట్నించి. ప్రతి బుధవారం కూటానికని చెప్పి ముందు ఈడికి వస్తాది.”

“దీన్ని మొక్కుతాండాదా? జ్ఞానమ్మ?”

“దీన్ని కాదంట. నేనూ అడిగినా. యేసయ్యనే అడుగుతాండా బాలన్నా, ఆ చెయ్యి మల్లా ఉలి పట్టల్లని అడుగుతాండా, ఇది ఎదురుగా ఉంటే అడగను నోరొస్తాది అనింది. పసుపంతా కొంగుతో తుడుస్తాది. నువ్వు చూపిస్తివే, ఆ కనుబొమ్మ, దాని మీద వేలు పెట్టి చూస్తాది. బాగా చెక్కినాడు గదా అంటాది. వచ్చినప్పుడల్లా అంటాది.”

“ఏమంటాది? మల్లా చెప్పు.”

“బాగా చెక్కినాడు గదా అంటాది.”

“మనిషికి చెప్పకుండా మొద్దుకు చెప్పుకుంటాండాది.”

“అదో, మలుపుకాడ ఆటో. అక్కే. తీసకపోయేదుంటే ఆమె దిగకముందే బిన్నా సంచిలో ఏసుకో. నేనేమీ అనను. ఆమెకు ఏదో ఒకటి చెప్పుకుంటా.”

“ఆదివారం కమిటీకి నేను చెప్పుకుంటాలే. బొమ్మ పెట్టింది నేనే, కొవ్వొత్తి ముట్టించింది నేనే అని.”

“సంస్కారం ఇయ్యరంటివి గదప్పా?”

“ఇయ్యకపోతే ఇయ్యకపోనీ. నేను దొడ్డెనక కూచ్చుంటా, వచ్చినానని ఆమెకు చెప్పాకు. ఆ గోనెసంచి నువ్వే కట్టు బాలన్నా, నా చేత కాదు. గాలి వచ్చే పక్క అడ్డం కట్టు. కొవ్వొత్తి ఆరిపోతాది.”