మూడో రాజు

ఎందుకే ఆ కాఫీపొడి డబ్బా దించుతన్నావు? ఆడికి కాఫీ కూడానా? పెట్టీ. అటక మీదే పెట్టీ. బంగార్రాజు మన గడప తొక్కడమే ఎక్కువ, మళ్ళీ గ్లాసు తోమి కాఫీ ఒకటా? నాటకాల కంట్రాక్టరు అయితే ఏటి, కలెక్టరా?

నాలుగ్గంటల బస్సుకి దిగుతాడట. దిగి, బస్టాండు కాడ కిళ్ళీ ఏసుకుని, ఆ కిళ్ళీ నోటితోటే "ఏరా దాసూ" అంటాడు సూడు. ఆరేళ్ళు ఆడి నాటకాలకి కోట్లు కుట్టిన టైలరుని. చోడవరంలో ఎవడైనా నన్ను ఏరా అంటాడా? ఆడంటాడు. నవ్వకే కనకం. కాజాలు సూసి కుట్టు, కరణం గారి చొక్కా అది.

కార్డు వచ్చిన రోజునే నీకు సదివి ఇనిపించేను గదా. మాడుగుల్లో నాటకం ఉంది, మొదటి రాజు వేషం నీకే ఇస్తాను, శుక్రవారం ఇంటికాడ ఉండు అని. ఇస్తే మాత్రం? ఆడు ఇచ్చినంత మాత్రాన నేను సెయ్యి జాపీయాలా? నాలుగు రోజులై అదే ఆలోచిస్తన్నాను. వేషం కట్టాలా, ఆడి మొహం మీద తలుపేసీయాలా అని.

అసలు ఆడెవడే నాకు వేషం ఇయ్యడానికి? పద్యం పాడలేడు. హార్మనీ మీద ఏ మెట్టు ఏదో తెల్దు. ఊరోళ్ళు పండక్కి నాటకం కావాలని వస్తే, అనకాపల్లి నుంచి ఒకణ్ణి, ఇజీనగరం నుంచి ఒకణ్ణి బస్సెక్కించి తెస్తాడు. అదీ ఆడి ఇద్దె. ఆ వచ్చినోళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు సూసుకునీది రంగు పూసుకున్నాకే. రిహార్సలు లేదు, పాడు లేదు.

మళ్ళీ ఒక్క రాజుకి ముగ్గురు మనుషులు. కొలువులో కూర్చుని దానాలిచ్చీవోడు మొదటి రాజు. రాజ్యం పోయి ఊళ్ళంట తిరిగీవోడు రెండో రాజు. అడవిలో పడి సచ్చిపోయీవోడు మూడో రాజు. వేషాన్ని ముక్కలు కోసి, ముక్కకో మనిషిని పెడతాడు. ముగ్గురుంటే ముగ్గురి తరపోళ్ళూ సూడ్డానికి వస్తారని ఆడి లెక్క. మొదటి రాజు పొడుగు. రెండో రాజు లావు. మూడో రాజు నేను. జనం ఏటీ అనుకోరు. కష్టాలు పడ్డాడు పాపం, సిక్కిపోయేడు అనుకుంటారు.

నేనాడి కాడికి ఎళ్ళిన రోజు నీకు సెప్పేను గదా. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పాతిక పద్యాలు నోట్లో పెట్టుకుని ఎళ్ళేను. అరుగు మీద నిలబెట్టి ఒక్క పద్యం పాడమన్నాడు. నేను కళ్ళు మూసుకుని పాడతన్నాను. కళ్ళు తెరిసి సూద్దును గదా, అగ్గిపుల్లతో చెవి గెలుక్కుంటన్నాడు. "నీ గొంతు సంగతి తర్వాత సూద్దాం గాని దాసూ, నీ మిషను బాగుందా" అన్నాడు. అదీ మొదటి మాట. కళాకారుడితో మాటాడీ తీరు అదేనా?

బుద్ధున్నోణ్ణయితే అప్పుడే తిరిగొచ్చీవోణ్ణి. రాలేదు. మఖమల్ కోటు కుట్టేను. చేతులకి జరీ, గుండెల మీద తళుకులు, మెడ చుట్టూ ముత్యాల పట్టీ. నువ్వు కూడా రెండు రాత్రులు కూర్చుని తళుకులు కుట్టేవు, కళ్ళు మండుతన్నాయన్నావు. కుట్టింది మనం, తొడుక్కున్నది అనకాపల్లి ఆయన. నాకు ఇచ్చిందేటి? సిరుగుల పంచె. ఆ సిరుగులు కూడా నేనే సింపుకోవాలి.

మూడో రాజు రంగం మీదికొచ్చీది తెల్లారగట్ల. అప్పటికి ముందు వరసలో పిల్లలు పడుకునుంటారు, ఎనక వరసలో ఆళ్ళ తాతలు పడుకునుంటారు. పెట్రోమాక్సు దీపాలు కూడా నీరసంగా ఉంటాయి. ఆరేళ్ళు ఎన్ని ఊళ్ళల్లో సచ్చేనో. నేను సచ్చినట్టు ఏ ఊరికీ తెల్దు.

ఒక్క బుచ్చయ్యపేటకే తెల్సు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు. నువ్వూ ఉన్నావు గదా, తెర ఎనక, సూదీ దారం పట్టుకుని. మొదటి రాజు కోటు బొత్తాలు ఊడిపోతన్నాయంటే నిన్ను తీసుకెళ్ళేను. ఏ నటుడికైనా వచ్చిందేటే అంత పేరు? నేను సావు పద్యం పాడి పడిపోయేను. నా మీద పడి రాణి ఏడ్చింది. అంతే, పడుకున్న జనం లేచి కూర్చుని వన్స్‌మోర్. నేను లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ సచ్చేను. మళ్ళీ వన్స్‌మోర్. మూడుసార్లు. కోడి కూసి, తెల్లారిపోయి, పాలోళ్ళు కావిళ్ళు దించి నిలబడిపోయేరు.

ఆఁ, రాణి వేషం పెదబాబుదే. ఆడికి ఆ పూట రొంప పట్టి గొంతు పూడిపోయింది. బంగార్రాజు కాళ్ళూ చేతులూ ఆడక, తెర ఎనక నువ్వు కనపడితే, పెదబాబు నోరాడిస్తాడు, నువ్వు పాడమ్మా అన్నాడు. నువ్వేదో రెండు ముక్కలు అందుకున్నావు. నేను మిషను తొక్కుతూ పాడగా పాడగా నీకూ వచ్చేసినవే గదా. అది లెక్కలోది కాదులే. జనం నవ్వేరని అప్పుడే సెప్పేను గదా నీకు, మగ రాణికి ఆడగొంతు ఏటని. వన్స్‌మోరు సావుకి.

ఆ తర్వాత వారమే ఆడు మనింటికి పరిగెత్తుకొచ్చేడు. నువ్వు సెరువుకి ఎళ్ళేవు బట్టలుతకడానికి. మొదటి రాజు ఇస్తానన్నాడు. బతిమాలేడు. నేను కట్టనన్నాను. ఆరేళ్ళు తెల్లారగట్ల సంపి, ఇప్పుడు కిరీటం ఇస్తావా, నీ నాటకానికి ఓ దండం అన్నాను. మర్యాదున్నోడు సెయ్యాల్సిన పని అదే. ఈ నాలుగేళ్ళూ మళ్ళీ రంగు పూసుకున్నానేటి? లేదు. ఊళ్ళో అందరికీ తెల్సు, దాసు కంట్రాక్టర్నే కాదనీసేడని.

ఏటి?

అప్పుడు కాదన్నోణ్ణి ఇప్పుడెందుకు ఆలోచిస్తన్నానా? బాగుంది. మనిషన్నాక మనసు మారదా? ఆడికీ మారింది, కార్డు రాసేడు. నాకూ మారొచ్చు.

కార్డు నీకెందుకే? సదివేను గదా. నువ్వు మాత్రం రెండో క్లాసు సదువు పెట్టుకుని ఆడి కోడిగీతలు ఏం సదువుతావు? ఎక్కడో ఉంది. మిషను సొరుగులో ఉంది కాబోలు. తాళమా? తాళం ఎందుకేసేనంటే, సొరుగు ఊడి కింద పడుతోంది.

అలా సూడకు. కాజాలు తియ్యి.

తియ్యవా? సరే, కూర్చో. ఊరికే సూస్తూ కూర్చో.

నువ్వు తిట్టినా బాగుణ్ణు. నువ్వు ఎప్పుడూ ఏటీ అనవు. బుచ్చయ్యపేట నుంచి బండిలో వస్తన్నపుడు కూడా ఏటీ అనలేదు. జనం నవ్వేరంటే, అలాగా అన్నావు. అంతకుముందు నా మిషను సప్పుడుకి నువ్వు పాట కలిపీదానివి. ఆ మర్నాటి నుంచి కలపలేదు. నేను గమనించలేదనుకున్నావా? నాలుగేళ్ళై ఈ ఇంట్లో మిషను సప్పుడొకటే.

అదిగో, బస్సు హారను. మాడుగుల బస్సే. బస్టాండు నుంచి ఇక్కడికి ఎంతసేపు. కిళ్ళీ కట్టించుకున్నంత సేపు.

ఇదిగో తాళం. తీసుకో. వొద్దు, ఉండు, నువ్వు కూడబలుక్కుని సదివే లోపల ఆడొచ్చేస్తాడు. నేనే సెప్తాను. అన్నం పెట్టీ మిషను ఇది, దీని మీద చెయ్యేసి సెప్తన్నాను.

కార్డులో రాజు మాట లేదు. "దాసూ, పెదబాబు చేత ఇంక రాణి కట్టించలేను, జనం మగ రాణిని సూడ్డం మానేసేరు. మీ ఇంటావిడ్ని అప్పుడు అడగమన్నాను, ఒప్పుకోలేదన్నావు. ఈసారి నేనే అడుగుతాను. శుక్రవారం నాలుగ్గంటల బస్సుకి వస్తాను, ఆవిణ్ణి ఇంటికాడ ఉండమను." అంతే. నా గురించి ఒక్క ముక్క లేదు. ఉందిలే, కింద ఉంది. కోటు చంకలో సిరిగింది, తెస్తన్నాను, కుట్టి పెట్టు అని.

అప్పుడూ అంతే. నువ్వు సెరువు కాడ ఉన్నపుడు ఆడొచ్చింది నాకోసం కాదు. ఈ గుమ్మంలో నిలబడి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "దాసూ, పాతికేళ్ళై ఈ పని చేస్తన్నాను, అలాంటి గొంతు నేనిన్లేదు, ఒక్కసారి ఆవిణ్ణి అడుగు" అన్నాడు. నా దగ్గర చెవి గెలుక్కున్నోడు, కనకం. ఆడు కళ తెల్దనుకున్నాను గాని, ఆడి చెవి బాగానే ఉంది.

నేనేటన్నానా? ఆవిడకి నాటకాలంటే అసహ్యం అన్నాను. అడిగితే రాత్రంతా ఏడ్చింది, ఇంకెప్పుడూ మా ఇంటికి రావద్దంది అన్నాను. నిన్ను అడగనే లేదు. ఆడు తలొంచుకుని ఎళ్ళిపోయేడు. మొదటి రాజూ లేడు, కిరీటమూ లేదు. ఊళ్ళో నేను సెప్పుకున్నదంతా నేను కుట్టిందే.

జనం కూడా నవ్వలేదు. ఇను. మొదటిసారి వన్స్‌మోర్ అన్నపుడు నాకే అనుకున్నాను, దేముడి తోడు. లేచి మళ్ళీ పాడేను. రెండోసారీ నాకే అనుకున్నాను. మూడోసారి నేను లేవబోతంటే, ముందు వరసలో ఓ ముసలాయన, "నువ్వు లేవకు బాబూ, పడుకో, ఆ తల్లిని పాడనీ" అన్నాడు. పక్కనోళ్ళు కూడా పడుకో పడుకో అన్నారు. హార్మనీ సప్పుడులో తెర ఎనక నీకు ఇనపడుండదు. పడుకున్నాను. పడుకుని ఇన్నాను. నువ్వు మళ్ళీ పద్యం ఎత్తుకునేసరికి నా కళ్ళంట నీళ్ళు కారిపోయేయి. పీనుగు ఏడుస్తోందని జనం సూసేరో లేదో. ఆళ్ళు తెర వైపు సూస్తన్నారు.

మరి ఎందుకు దాసేనంటావా? ఏటి సెప్పమంటావే? ఆరేళ్ళు ఆడి అరుగు మీద నిలబడ్డది నేను. కోట్లు కుట్టింది నేను, పంచె సింపుకున్నది నేను. నువ్వు సూదీ దారం పట్టుకుని ఒక్క పూట నిలబడ్డావు, ఆడు మనిల్లు ఎతుక్కుంటూ వచ్చేడు. నా వల్ల కాలేదు. అంతే. పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుణ్ణు, లేదు.

అదిగో, ఈధిలో కిళ్ళీ ఉమ్మిన సప్పుడు. ఆడే.

ఆ చొక్కా ఇటియ్యి, కాజాలు నేను తీస్తాను. నువ్వెళ్ళి మొహం కడుక్కో. కాఫీపొడి డబ్బా నేనే దించుతాను. ఏడవకు, గొంతు బొంగురుపోద్ది.

ఆడేటడిగినా నువ్వే సెప్పు. ఇష్టముంటే ఉందను, లేకపోతే లేదను. ఈసారి మధ్యలో నేను మాటాడను. ఒకవేళ ఒప్పుకుంటే మాత్రం, రాణి ఏడవాలంటే ముందర ఒకడు సచ్చి పడుండాలి గదా? మూడో రాజు ఇంట్లోనే ఉన్నాడని సెప్పు.

ఈసారి లేవడులే అని కూడా సెప్పు.