మిషన్ పేలలేదు

సభను నడిపిస్తున్న ప్రిన్సిపాల్ మల్లేశ్వరరావు గారికి, వేదిక మీది పెద్దలకు, ముప్ఫయి రెండేళ్లు స్టాఫ్ రూములో నన్ను భరించిన స్నేహితులకు, తాడేపల్లిగూడెం ఎండలో వచ్చి కూర్చున్న పాత విద్యార్థులకు నమస్కారం. శాలువా కప్పారు, మంచి మాటలు చెప్పారు. మా ఆవిడ ప్రభావతి చివరి రోజు గురించి చెప్పి కూర్చుంటాను.

సెప్టెంబరు పదకొండు, గురువారం. పొద్దున ఇడ్లీ ఒకటిన్నర తింది. పేపరు నాచేత చదివించుకుంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వల్ల ఆవిడ ఏడాదిగా ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ మీద ఉందని మీకు తెలుసు. సాయంత్రం ఆరింటికి, ఏలూరులో మా పేట మీదికి కొల్లేటి వైపు నుంచి దోమలు వచ్చే వేళకి, మంచానికి తెర దించాను. జావ తాగడానికి ఆవిడ ముక్కుకున్న గొట్టం తీసి దుప్పటి మీద పెట్టింది. ఐదు నిమిషాలే కదా అని నేను మిషన్ ఆపలేదు. ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆక్సిజన్ ఆ తెర లోపల, ఆ దుప్పట్లో నిండుతూనే ఉంది. ఈలోగా నాలుగు దోమలు దూరాయి. కరెంటు బ్యాట్ తీసుకుని తెర లోపలికి తల పెట్టాను.

"ఇప్పటిదాకా ఒక్కటీ తగల్లేదు. స్కోరెంతండీ?" అంది.

(నవ్వులు)

నవ్వండి, పర్వాలేదు. నేనూ నవ్వాను. ఐదోసారి తగిలింది.

ఆ రవ్వకి తెర అంటుకుంది. తర్వాత దుప్పటి, ఆవిడ జుట్టు. ఆస్పత్రిలో తెల్లవారేదాకా ఉండలేదు.

మర్నాడు మా పేటవాళ్లు "మిషన్ పేలిందా అండీ?" అని అడిగారు. నేను తల ఊపాను. అంతే. నోటితో అబద్ధం ఆడలేదని ఎనిమిది నెలలు సర్దిచెప్పుకున్నాను.

మిషన్ అద్దెకిచ్చింది హెన్రీ. అదుగో, చివరి వరసలో నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోడు. నా విద్యార్థే. బిగించిన రోజు, "మాస్టారూ, మీకు చెప్పక్కర్లేదు గానీ, దీపం, కాయిల్, పొయ్యి, ఏ రవ్వా పది అడుగుల లోపు ఉండకూడదండి. ముక్కుకి లేనప్పుడు మిషన్ ఆపెయ్యండి. మొహానికి కొబ్బరినూనె రాయకండి," అన్నాడు. "నాకే కెమిస్ట్రీ పాఠమా?" అన్నాను. ఆరిపోబోతున్న పుల్లని ఆక్సిజన్ జాడీలో పెడితే భగ్గుమంటుందని ఏటా మీకు చూపించినవాణ్ణి నేను. బ్యాట్‌లో ఉన్నదీ నిప్పేనని నాకు తట్టలేదు.

నేను తల ఊపడంతో హెన్రీ దుకాణానికి జనం రావడం మానేశారు. అతను నన్ను ఒక్క మాట అడగలేదు. హెన్రీ, తప్పు నాది. అందరి ముందూ చెబుతున్నాను.

ఇది ఈరోజే ఎందుకంటే, మన ఆఫీసు పుష్పమ్మ గారి వల్ల. భర్తకి ఇంట్లో ఆక్సిజన్ పెట్టమని డాక్టరు రాసిచ్చి పది రోజులైంది. మాస్టారి భార్యని మింగిన బాంబు మాకొద్దు అంటున్నారట. పుష్పమ్మ గారూ, మీవారు విశ్వాసం గారికి ఎలా ఉంది?

("ఆయాసమేనండి మాస్టారూ. పడుకోలేక కూర్చునే నిద్రపోతున్నారండి.")

అది బాంబు కాదమ్మా. మా ఆవిడ ఆఖరి ఏడాది మాట్లాడింది, తిన్నది, నన్ను వెక్కిరించింది అంటే ఆ మిషన్ వల్లే. చంపింది నా అజాగ్రత్త. నేను తల ఊపినందుకు ఆయన ఊపిరాడక కూర్చోవలసిన పని లేదు.

("మరి దోమలో, మాస్టారూ?")

కిటికీలకి మెష్ కొడదాం. బ్యాట్ మాత్రం ఆ గదిలోకి రాకూడదు.

ఈ శాలువాకీ, ఇంతసేపు విన్నందుకూ మీకు కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి. రేపు పొద్దున ఏడింటికి హెన్రీ, నేను మిషన్ తీసుకుని పుష్పమ్మ గారింటికి వెళ్తాం. అతను మిషన్ బిగిస్తాడు. నేను కిటికీలు కొలుస్తాను.