ఏడేళ్లు పరీక్షకు వెళ్లని నమూనా

1967 అక్టోబరు 9వ తేదీ సోమవారం నాడు పిస్కాటవేలోని మా ఆహార పరీక్షా ప్రయోగశాలలో రసాయన శాస్త్రవేత్తగా చేరిన డాక్టర్ హరనాథ్ గారు, ఇరవై ఏళ్లకు పైబడిన నిష్కళంక సేవానంతరం, ఈ 1988 జూన్ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు. ఇంగ్లీషులో వారిని కొనియాడడానికి పెద్దలు చాలామంది ఉన్నారు. ఈ వీడ్కోలు సంచికలోని ఒక్క తెలుగు పేజీ మాత్రం నమూనాల గది చూసుకునే నాకు దక్కింది. మా ఊరి బడిలో ఎనిమిదితో ఆగినవాణ్ణి. తప్పులుంటే వారి శ్రీమతి ప్రమోద గారు మన్నించాలి.

1974లో నేను చేరేనాటికే వారి ముక్కుకు మా ఆఫీసులో మహా గౌరవం. మూత తీయని జామ్ సీసాలో బెంజోయేట్ అనే నిలవ మందు ఎంత కలిపారో వరండా చివరినుంచే చెప్పేవారు. మూడుసార్లు నేనే చూశాను, నాలుగోసారి వారికి జలుబు చేసింది. ముప్పై రోజులు దాటినా పరీక్షకు వెళ్లని నమూనాకు పసుపు కాగితం జతచేసి, ఆలస్యానికి కారణం రాసి సంతకం పెట్టాలన్న నియమం వారు పెట్టిందే.

1978లో, మాంసం చెడిపోకుండా కలిపే నైట్రైట్ గురించి దేశమంతా గుబులు పడుతున్న రోజుల్లో, ఆ పరీక్షల భారమంతా వారే మోశారు. ఛాతీలో మంట మొదలైందీ అప్పుడే. వారు త్రేనిస్తే పక్కగదిలోని సున్నితపు త్రాసు ముల్లు వణికేదంటే మావాళ్లు నమ్మరు. దోషమంతా నిలవ మందులదేనని తేల్చి, డబ్బా తిండి మాని, ప్రమోద గారిచేత అన్నీ ఇంట్లోనే చేయించుకున్నారు. మంట తగ్గలేదు. జేబులో మాత్రల సీసా మాత్రం పెద్దదైంది.

1985 మార్చిలో ఒక మధ్యాహ్నం, ఇడ్లీ ముక్కకొక గుక్క చొప్పున నీళ్లు తాగుతుంటే అడిగాను.

"ఇక్కడ ఆగుతోందండీ, ఆశీర్వాదం గారూ," అని గొంతు కింద చెయ్యి పెట్టి చూపించారు.

"ఎన్నాళ్లయింది?"

"నెల. ప్రమోదకి చెప్పకండి. కారం మానేస్తే అదే సర్దుకుంటుంది."

నేను గదికి వెళ్లి ఒక పసుపు కాగితం నింపి తెచ్చాను. నమూనా: హరనాథ్. అందినది: 1978. ఫిర్యాదు: ఛాతీలో మంట. పరీక్ష: జరగలేదు.

"ఏమిటండీ ఈ వేళాకోళం?"

"వేళాకోళమైతే నవ్వేవాణ్ణి. నియమం మీదే. కారణం రాసి సంతకం పెట్టండి."

కలం మూత తీసి, ఒకే మాట రాశారు: భయం. ఆ సాయంత్రమే ప్రమోద గారికి చెప్పారు.

డాక్టర్ రాధారాణి గారు గొంతులోకి గొట్టం దింపి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా తొమ్మిది రోజులు ప్రయోగశాలలో ఎవ్వరం గట్టిగా మాట్లాడుకోలేదు. క్యాన్సర్ కాదు. కాని అన్నవాహిక పొర మారిపోయిందనీ, పట్టించుకోకపోతే ముందుముందు అటు తిరిగే ప్రమాదం ఉందనీ చెప్పి, ఇరుకైన చోటును సాగదీసి, మందులిచ్చి, ఏటా గొట్టం పరీక్షకు రమ్మన్నారు. "ఇదంతా నిలవ మందుల వల్లేనా?" అని వీరడిగితే ఆమె అన్న మాట: "వాటి సంగతి ఇంకా తేలలేదండీ. ఏడేళ్లు పైకి తన్నిన ఆమ్లం చేసిన పని మాత్రం నాకు కళ్లారా కనిపిస్తోంది."

ఇతరుల సీసాల్లో దోషాన్ని వెదికే నేర్పు ఎంతటిదైనా, తన దేహం పంపిన నమూనాను అందుకోవడానికి వేరే ధైర్యం కావాలని నాకప్పుడు తోచింది. ఇది రాయనా అని అడిగితే, "రాయండి, చదివి ఒక్కరైనా పరీక్షకు వెళితే చాలు" అన్నారు.

ఏటా మార్చిలో ఆసుపత్రినుంచి వారిని నేనే కారులో ఇంటికి తీసుకెళ్తాను. మత్తు సగం దిగకముందే నా డ్రైవింగ్‌కి వంకలు మొదలెడతారు. ఆ పసుపు కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని అడుగున "నమూనా పారవేసిన తేదీ" అని ఒక గడి ఉంది. ఆ గడి నింపే పని నాకు గాని, నా తరువాత ఆ గదికి వచ్చేవారికి గాని, వారి తరువాతివారికి గాని పడకుండా, హరనాథ్ గారు ప్రమోద గారి చేతి వంట సుఖంగా మింగుతూ, ఏటా మార్చిలో నన్ను తిడుతూ, సంపూర్ణారోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలని ప్రభువును వేడుకుంటున్నాను.

— దైవాశీర్వాదం, నమూనాల గది