జానయ్య వంచిన లైట్‌హౌస్

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పదిహేను దినాలైంది. ఎల్బీ నగర్ చౌరస్తాల ఒక్క బస్సు లేదు. అరుణమ్మ చాయ్ బండి ముంగట బల్ల మీద, సమ్మెల ఉన్న కండక్టర్ ధనరాజ్, ఆయన దోస్తులు కూసున్నరు. దిల్‌సుఖ్‌నగర్‌ల గడియారాలు రిపేరు చేసే పట్టాభి పక్కకు నిలబడి చాయ్ తాగుతున్నడు. ఆయన భీమిలి దిక్కు నుంచి ఒచ్చి ముప్పై ఏండ్లు. ఈ నడుమ ఆయన రాంగనే అందరి మాటలు ఆగిపోతున్నయి.

"దుకాణం ఎత్తేస్తరట గద," అన్నడు ధనరాజ్.

"ఇంకా ఏమీ అనుకోలేదండీ," అని పట్టాభి తల దించుకున్నడు.

అరుణమ్మ అన్న జానయ్య, పాత లారీ డ్రైవర్, గ్లాసు కింద పెట్టిండు.

"అరవై తొమ్మిదిల ఈ పట్టాభి ఊరి లైట్‌హౌస్ అద్దం తుడిసిన నేను, ఎరికేనా? అప్పుడు నాకు ఇరవై ఏండ్లు, దిల్‌సుఖ్‌నగర్ అంటే అంగూర్ తోటలు, కర్మన్‌ఘాట్ హనుమాండ్ల గుడి కాడ నిలబడి పిలిస్తే చెరువు కాడోల్లు పలికెటోల్లు, గంత నిమ్మలం. జై తెలంగాణ అన్నందుకు పోలీసోల్లు ఎంటవడ్డరు, నేను దొరికిన లారీ ఎక్కిన, అది పోయి పోయి భీమిలి అవతల ఆగింది. ఎటు సూసినా నల్ల రాళ్లు, అలలొచ్చి పగుల్తున్నయి, గా రాళ్ల మీద తెల్లగ సున్నమేసిన లైట్‌హౌస్, ఇంగ్లీషోల్ల కాలందట. దాన్ని సూసుకునే పెద్దమనిషి ఎవరనుకున్నరు? ఈ పట్టాభి నాయన. 'పోలీసులా బాబూ' అన్నడు. అవునన్న. ఇంకో మాట అడగలే. అన్నం పెట్టి, అద్దాలు తుడువమని మెత్త బట్ట చేతికిచ్చిండు."

పట్టాభి తల ఎత్తిండు. "మా నాన్నగారా?"

"చెప్పనీ. పొద్దుగూకంగ తుఫాను లేసింది. లోపల గొలుసుకు బరువు ఏలాడుతది, అది దిగుతుంటే దీపం చుట్టు అద్దాలు తిరుగుతయి, గోడ గడియారం లెక్క. గా గొలుసు పుటుక్కున తెగింది. ఇగ అద్దాలకు భుజం ఆనిచ్చి నేనే తిప్పిన. ఎంతసేపనుకున్నవ్?"

"గంట," అన్నడు ధనరాజ్.

"మూడు దినాలు. నూనె ఒడిసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లారీ ఇంజన్ ఊడవీకి, రెండు వందల మెట్లు మోస్కపోయి, పైన హెడ్‌లైట్ ఎలిగిచ్చిన."

"ఒక్కనివే?"

"ఒక్కన్నే. జర ఆయాసం ఒచ్చింది, అబద్ధమెందుకు. గంతల ఓడ, సక్కగ రాళ్ల మీదికే ఒస్తున్నది. కిందికి ఉరికి, లైట్‌హౌస్‌ను రెండు చేతుల పట్టి ఓడ దిక్కు వంచిన. కప్తాను మొకం మీద ఎలుగు పడంగనే ఓడ మళ్లింది. నేను ఇడిసిపెడితే అది గుంజిన ఎదురుబద్ద లెక్క లేసి, ఆ ఎలుగు బెజవాడ దాటి, సూర్యాపేట దాటి, కర్మన్‌ఘాట్‌ల మా అమ్మ వాకిట్ల పడ్డది. కొడుకు సచ్చిండని మూడు దినాల సంది అన్నం ముట్టలే ఆమె. ఆ ఎలుగు సూసి, బతికే ఉన్నడని లేసి పొయ్యి ముట్టిచ్చింది."

అరుణమ్మ పాలు కలియబెట్టుకుంటనే అన్నది: "అన్నా, అప్పుడు నువ్వు అబ్దుల్లాపూర్‌మెట్‌ల పెద్దమ్మోల్ల గడ్డివాము ఎనక దాసుకున్నవ్. నాలుగో దినం ఎరికై సద్ది మోసింది నేను. లారీ తోలినన్ని దినాలు బెజవాడ దాటలే. సముద్రం ఇయ్యాల్టి దాక సూడనే లేదు."

బల్ల మీదోల్లు పడి పడి నవ్విండ్రు.

"మరి గొలుసు, బరువు, మెత్త బట్ట, ఇవన్నీ ఎట్ల ఎరిక?" అన్నడు ధనరాజ్.

జానయ్య పట్టాభి దిక్కు సూసిండు. "పట్టాభి చెప్పిండు. వాళ్ల నాయన యాదికొస్తే నాకే చెప్తడు, ముప్పై ఏండ్ల సంది," అన్నడు. "మా అమ్మ అన్నం తినంది మాత్రం నిజం."

పట్టాభి కండ్లద్దాలు తీసి అంగీతోని తుడుసుకున్నడు.

"మీరు నిజంగా వచ్చుంటే మా నాన్నగారు అన్నం పెట్టేవారే జానయ్యగారూ," అన్నడు. "పోలీసులా అని అడిగేవారు కూడా కాదు."

ధనరాజ్ బల్ల మీద పక్కకు జరిగిండు. "కూసోండ్రి," అన్నడు.