చలికి తీపెక్కిన దుంపలు

"ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా ఈ వేడి టీ నా గొంతులోనే గడ్డకట్టుకుపోవాలి!" అని ఒట్టేశాడు కోల్డ్ స్టోరేజీ నడిపే మామయ్య, టీకొట్టు బల్ల మీద కాలుమీద కాలేసుకుని.

ఎదురుగా చిప్స్ కొట్టు నడిపే మేనకోడలు. ఒళ్ళో మాడిన చిప్స్ పొట్లం. ఆయన కోల్డ్ స్టోరేజీ గదిలోంచి తెచ్చిన బంగాళాదుంపల్ని పొద్దున్నే వేయిస్తే చిప్స్ బొగ్గుల్లా తేలాయి. ఇంకా ముప్పై బస్తాలు ఆ గదిలోనే ఉన్నాయి. ఇరవైరెండు రోజుల్లో ఆసుపత్రి క్యాంటీనుకి సరుకు ఇవ్వకపోతే ఆ ఆర్డరు పోతుంది, దాంతోపాటే కొట్టూ పోతుంది.

"మామయ్యా, నేనడిగింది ఒక్కటే. ఎన్ని డిగ్రీలు పెట్టావు?"

"అక్కడికే వస్తున్నాగా! నా గదిలో చలంటే ఆషామాషీ కాదమ్మాయ్, మొన్నో దోమ నన్ను కుట్టబోయి గాల్లోనే బిగుసుకుపోయింది, ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది, నా టోపీ దానికే తగిలిస్తున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దుంపలకి వణుకు పుట్టింది. దుంప లోపల ఎంజైములని పనివాళ్ళుంటారు, చలేస్తే చాలు, పిండిని నరికి నరికి చక్కెర చేసేస్తారు. ఆ గొడ్డళ్ళ చప్పుడుకి వీధి వీధంతా నిద్ర లేదు!"

"గొడ్డళ్ళకి సాన నువ్వే పట్టావా బాబాయ్?" అన్నాడు టీకొట్టాయన.

"పట్టక మరి! తీపంటే అదీ తీపి! బస్తాల్లోంచి పాకం కారి కాలవ కట్టింది, చీమలు స్వెట్టర్లు తొడుక్కుని బారులు తీరాయి, ముందు చీమ చేతిలో లాంతరు..."

టీకొట్టాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మేనకోడలికి నవ్వు రాలేదు. ఆ చక్కెరే కదా నూనెలో మాడి నల్లబడేది!

"తీపెక్కాయని నీకెలా తెలుసు?"

"ఒకటి ఉడకేసుకుని తిన్నాగా!"

"ఎప్పుడు?"

మామయ్య మీదేసుకున్న కాలు కిందికి దించాడు. "...పది రోజులైంది."

"పది రోజులా! ఎనిమిది డిగ్రీలు పెట్టమని కాగితం మీద రాసిచ్చాను కదా. ఎంతకి దించావు?"

"రెండుకి," అన్నాడు గ్లాసులోకి చూస్తూ. "ఎంత చలైతే అంత బాగా నిలవుంటాయనుకున్నా తల్లీ. తీరా తిన్నాక గుండె జారిపోయింది. నీ ముందు నోరు పెగల్లేదు."

ఆమె వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది. "పదిహేను డిగ్రీల్లో మూడు వారాలుంచితే చక్కెర కొంత తగ్గుతుందట. కొంతే. ఎంతో నాకూ తెలీదు."

మామయ్య జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇప్పుడే వెళ్ళి ఆ చలి మిషను నాబ్ నువ్వే పదిహేనుకి తిప్పి రా అమ్మా. నా చేతికిస్తే ఎక్కడ ఆగాలో దానికి తెలీదు."