పురికొస

తమిళ పట్నంలోని చూలై పేటలో పాత పేపర్ల కొట్టు నడిపే బాలసుందరం కాటా ముల్లును ఏనాడూ నమ్మినవాడు కాదు; కట్టను చేత్తో ఎత్తి, అందులో బరువు కోసం ఎవరు నీళ్లు చల్లారో చెప్పగలడు. లోపల భార్య జయంతికి రక్తం శుద్ధి చేసే యంత్రం తగిలించి తలుపు వేశాక, ఆస్పత్రి వరండా బెంచీ మీద కూర్చుని, కూతురు అక్షయను కూడా అలాగే ఎత్తి చూస్తున్నాడు.

"నేను ఇయ్యలేదంటే ఇయ్యలేదు నాన్నా. ఎన్నిసార్లు అడుగుతావు?"

"నువ్వు ఇయ్యలేదు. నేను ఇయ్యలేదు. మరి మీ అమ్మ ఒంట్లోకి నీళ్లు ఆకాశం నుంచి కురిసినాయా?"

"మెల్లగా మాట్లాడు. అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ. డాక్టరమ్మ అందరి ముందరే కదా నన్ను కడిగేసింది. 'ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరినాయి, ఇంకోసారి ఇట్ల తెస్తే మా చేతిలో లేదు' అనింది. విన్నావు కదా?"

"విన్నాను."

"విన్నావు. ఏడుపు రాలేదే నీకు."

"నాన్నా!"

"ఏం నాన్నా? పేపరు కట్టలో నీళ్లు చల్లి తెస్తారే, పైన ఎండిపోయి ఉంటది, ముట్టుకుంటే ఏమీ తెలీదు. ఎత్తితే తెలుస్తది. పొద్దున మీ అమ్మను ఆటోలోకి ఎత్తినా. అదే బరువు. ఎవరో చల్లినారు."

"అమ్మేమన్నా పేపరు కట్టా?"

"మాట మార్చొద్దు. ఫ్రిజ్జుకి తాళం వేస్తిని. తాళంచెవి నా మొలతాడుకి ఉంది. బాత్రూముకి కూడా నేనే చెయ్యి పట్టుకుని తీసకపోతా. డాక్టరమ్మ చెప్పిన కొలతకి చిన్న బాటిలు మీద గీత గీసి పెట్టినా. ఏనాడూ ఆ గీత దాటలేదు."

"మాధవరం చిన్నమ్మ అక్కను చూసేదానికి వస్తే ఆమె సంచి కూడా తడిమినావు. పాపం, ఆమె తెచ్చింది రెండు మూర్ల మల్లెపూలు. ఇంక మన గడప తొక్కనని పోయింది."

"పూలు తడిగా ఉండె."

"పూలు పిండుకుని తాగుతారా? ఎన్నప్పా, ఏంది నాన్నా నువ్వు!"

"దప్పికైనోళ్లు ఏదైనా చేస్తారు. పంపు కాడ వరసలో జుట్లు పట్టుకుని కొట్లాడి బిందెలు నింపిన మనిషి మీ అమ్మ. ఎండాకాలంలో ఎదురింటోళ్లకి కూడా పోసేది. ఇప్పుడు దానికి నీళ్లే విషం. నేను చూస్తా ఊరుకోవాల్నా?"

"ఎవరు ఊరుకోమన్నారు? కానీ ఇంట్లో నువ్వు కన్ను మూసి ఎన్నాళ్లయింది? పోయినసారి ఈ బెంచీ మీదే పడి గుర్రు పెడితివి. ఊడ్చే ఆయమ్మ లేపినా లేవలేదు."

"ఈడ నర్సులు ఉండారు. కావలివాడు ఉండే కొట్టుకి నేనెందుకు కాపలా? ఇంట్లో ఎవరుండారు నాకు నమ్మేదానికి?"

"నేను ఉండాను కదా."

"అదే చెప్తా ఉండా. నా నిద్ర సంగతి నీకెందుకు ఇప్పుడు?"

"సుమ్మా, ఊరికే అన్నాను. వదిలెయ్."

"సుమ్మా కాదు. ఏదో దాస్తా ఉండావు. పురికొస నువ్వే విప్పినావు, అవునా?"

"ఏ పురికొస?"

"తెలీనట్లు అడగొద్దు. కొట్లో కట్టలు కట్టే పురికొస. ఒక కొస మీ అమ్మ చేతికి, ఒక కొస నా చేతికి కట్టుకుని పండుకుంటా కదా, అది నీళ్లకని లేస్తే నాకు తెలియాలని. ఎవరో విప్పకుండా ఇదెట్ల జరుగుతది?"

"నేను విప్పలేదు. విప్పొద్దని అమ్మే అనింది."

"విప్పొద్దనిందా? అంటే విప్పుతానని నువ్వు అడిగినావన్నమాట!"

"అడిగినా. మణికట్టు కందిపోయింది, బర్రెను కట్టినట్ల కట్టినాడు అంటిని. అమ్మ నవ్వింది. 'ఉండనీమే, మీ నాయన అటు దొర్లినా తెలుస్తది, ఇటు దొర్లినా తెలుస్తది' అనింది."

"నవ్విందా? నన్ను చూసి నవ్వుకుంటారా తల్లీకూతుళ్లు? సరి. ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. విసుగొచ్చేసిందా నీకు?"

"ఏంది?"

"నీ ఈడు పిల్లలు బీచికి పోతారు, సినిమాకి పోతారు. నువ్వు పనికి పోయొచ్చి ఉమ్మిన గిన్నెలు కడుగుతా ఉండావు. ఇదంతా తొందరగా అయిపోతే మేలని..."

"పోదుంప్పా, ఇంక చాలు! ఇంకో మాట అన్నావంటే లేచి పోతా."

"పో. దొంగకే రోషమెక్కువ."

"దొంగెవరో చెప్పనా? నీకు చెప్పొద్దని అమ్మ తన తల మీద నా చెయ్యి పెట్టి ఒట్టేయించుకుంది. డాక్టరమ్మ మాట విన్నాక ఇంక నావల్ల కాదు. చెప్పేస్తా. నీళ్లిచ్చేది నువ్వే."

"నేనా?"

"నువ్వే. నోరెండిపోతే పుక్కిలించి ఉమ్మేయమని నర్సమ్మ చెప్పింది కదా. అడిగినప్పుడల్లా చెంబు ఎవరిస్తారు?"

"నేనే. అది తాగేదానికి కాదే, ఉమ్మేదానికి. ఒళ్లో గిన్నె కూడా పెడతా."

"పెట్టి, మొగం యాడికి తిప్పుతావు?"

"అటు... 'మొగుడి ముందర ఉమ్మాలంటే సిగ్గయ్యా, అటు తిరుగు' అంటది. ఆ మనిషి మొదట్నించీ అంతే. పెండ్లయిన కొత్తలో నా ముందర అన్నం కూడా తినేది కాదు."

"అటు తిరగమంటే తిరిగేస్తివి! ఊరందరి సంచులు తడిమేవాడివి, ఆ గిన్నె ఒక్కసారి చేత్తో ఎత్తి చూసినావా? కడిగేది నేను. తడే ఉండదు నాన్నా. గొంతులో గడగడమనిపించి మింగేస్తది."

"మింగేస్తదా? నా చేత్తో... ఛీ. నేనే పోసి, నేనే..."

"ఏడవొద్దు."

"ఏడవడంలేదు. చావాలని ఉందా దానికి?"

"చచ్చేదానికి కాదు. రావాల్సిన రోజుకి ముందే ఈడికి వచ్చేదానికి."

"ఈడికా? ఈడేముంది, ఫినాయిలు కంపు! ఉండు ఉండు. అందుకేనా ప్రతిసారీ తలుపు పక్క మంచమే కావాలని మొండికేస్తది? గాలి రాదు, వచ్చేపోయే తొక్కుడు, అయినా అదే కావాలంటది. ఎవరుండారు ఈడ? ఎవరి కోసం వస్తది?"

"నేను చెప్పను. చేత్తో ఎత్తి చూసి చెప్తావు కదా, చెప్పుకో."

"ఎవరి కోసమే? సిస్టర్! ఓ సిస్టరమ్మా, తలుపు తియ్యి!"

"ఏంది సార్ ఆ కేకలు? నేనూ తెలుగుదాన్నే, నెల్లూరమ్మాయిని, మీ మాటలు లోపలికి వినబడతానే ఉండాయి. జయంతిగారి ఆయన మీరే కదా? ఆమె మిషను మీద ఉండి కూడా కన్ను మూయకుండా ఈ తలుపే చూస్తా ఉంది. ఎప్పుడొచ్చినా ఇదే గొడవ సార్. 'మా ఆయన బెంచీ మీద ఇంకా పండుకోలేదా సిస్టర్, గురక వినపడలేదే' అంటది. 'ఇంట్లో అయితే తెల్లవార్లూ ఆ పురికొస కదలతానే ఉంటది, ఈడికి తెస్తే తప్ప ఆ మనిషికి నిద్ర లేదు' అంటది."