ముత్యం వీపు మీద కుంకం

"అమ్మమ్మా, నా గుర్రానికి జీను కింద వేసే ఉన్ని మెత్త కొందామనుకుంటున్నాను. ఇదిగో, ఫోన్లో ఇది నచ్చింది. ఎలా ఉందో చెప్పు. నువ్వు చెప్పేదంతా రికార్డు చేసుకుంటాను."

ఏదీ, ఇలా తేవే. కొంచెం దూరంగా పట్టుకో, ఆఁ, ఇప్పుడు కనపడుతోంది. తెల్లగా భలే ఉందే శ్రావణీ. బొమ్మకి బావుంది. గుర్రానికి బావుంటుందో లేదో చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలీదు, ఫోన్లో చెయ్యెక్కడ పెట్టనూ? అసలు ఉన్నేనా అది? అడిగావా? వాళ్ళు రాస్తే అయిపోతుందా! తెప్పించాక ఓ పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించి చూడు. వెంట్రుక కాలిన కంపు వస్తే ఉన్ని. కరిగిపోయి గట్టి పూసలా ముద్ద కట్టిందనుకో, అది ప్లాస్టిక్కే. చెమట పీల్చదు. తిరిగి పంపించెయ్.

నవ్వుతావేంటే. నాకీ ఉన్ని సంగతి ఎలా తెలుసనా? నేను పుట్టింది ఏలూరు కదా. తివాచీలు నేసే వీధి వెనకాలే మా ఇల్లు. మా అమ్మ వాళ్ళకి ఉన్ని వడికి ఇచ్చేది. చిన్నప్పుడు నా జడలో కూడా ఉన్ని పోగులు ఉండేవి, బళ్ళో అందరూ వెక్కిరించేవారు. పెళ్ళయ్యి పెంటపాడు వచ్చేసరికి ఇక్కడ ఉన్ని అంటే గొంగళి ఒక్కటే తెలుసు. కానీ గుర్రం ఉంది! మీ తాతయ్యగారికి వరిచేలూ ఉన్నాయి, ఊరేగింపులకి గుర్రాన్ని పంపే పనీ ఉంది. ముత్యం అని తెల్ల ఆడగుర్రం. పెంటపాడు, గూడెం, అటు కొల్లేటి ఊళ్ళ దాకా పెళ్ళికొడుకుల్ని మోసేది. ఆ రోజుల్లో కొల్లేటి లంకలకి పడవలే కదండీ మరి... నీకు అండీ అంటున్నానేంటి, చూడు, ఆ రోజులు తల్చుకుంటే నోరు అలా తిరిగిపోతుంది.

ఏం చెప్తున్నాను? ఆఁ, ముత్యం. అంత నెమ్మదైన గుర్రం ఒక ఏడు పెళ్ళిళ్ళ రోజుల్లో తిక్కతిక్కగా తయారైంది. జీను తెస్తుంటేనే చెవులు వెనక్కి పెట్టేసేది. ఆఖరికి గూడెంలో, సరిగ్గా పెళ్ళికూతురి ఇంటి ముందు, వెనక కాళ్ళు లేపింది. పెళ్ళికొడుకు జారి బ్యాండు మేళం వాళ్ళ డప్పు మీద పడ్డాడు. దెబ్బ తగల్లేదులే, బాసికం ఊడి మెళ్ళో పడింది. మీ తాతయ్యగారికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, "దీనికి పొగరెక్కింది, అమ్మేస్తాను, బేరగాడికి కబురు పెట్టాను" అన్నారు. ఆ బేరగాడి దగ్గరికి పోయిన గుర్రాలు ఇటుకల బళ్ళకి పోయేవి. ముత్యం అప్పటికి చిన్నదేం కాదు. ఇటుకల బండికి పోతే ఇంక అంతే దాని పని.

నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే నాకు తెలుసు, జీను లేనప్పుడు అది పిల్లి. గడ్డి వేస్తుంటే నా భుజం మీద మూతి పెట్టేది. జీను తెస్తేనే ఆ కోపం. మరి తప్పు గుర్రంలో ఉందా, జీనులో ఉందా? వెళ్ళి వీపు తడిమాను. మెడ దిగాక ఎత్తుగా ఓ ఎముక ఉంటుందే, మూపు, దానికి కాస్త వెనకాల గుండ్రంగా బొచ్చు ఊడిపోయి, చెయ్యి పెడితే వేడిగా కాలుతోంది. తెల్ల గుర్రం కదా, పైపైన చూస్తే కనపడలేదు ఎవరికీ. మెత్త తెచ్చి తిరగేశాను. సరిగ్గా అదే చోట, అంతే గుండ్రంగా, కుంకం బొట్టు!

చెప్తాను, ఆగు. మా అత్తగారు. దేవతలాంటి మనిషే, కాదన్ను. కొత్తది ఏదొచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టందే ముట్టుకోనిచ్చేది కాదు. ట్రాక్టరుకి పెట్టింది, మోటారుకి పెట్టింది, టీవీకి పెట్టింది. జీనుకీ పెట్టాలి కదా మరి. పైన పెడితే పెళ్ళికొడుకు పట్టుపంచెకి అంటుతుందని, లోపలి వైపు, ఉన్ని మీద పెట్టేది. నూనెలో పసుపు కలిపి రాసి, దాని మీద ఆ బజారు రంగు కుంకం. ప్రతీ పెళ్ళికీ పాతదాని మీద కొత్తది. ముత్యం తిక్కగా ఉన్నకొద్దీ దిష్టి తగిలిందని ఇంకా మందంగా పెట్టేది. ఉన్ని పోగులన్నీ అతుక్కుపోయి అక్కడ పెచ్చు కట్టింది, గోరు దిగలేదు. దాని మీద చెమట, దాని మీద పెళ్ళికొడుకు బరువు. పాపం ఆ మూగది నోరు తెరిచి ఎవరికి చెప్పుకుంటుంది?

మీ తాతయ్యగారికి చూపించాను. చూశారు. చూసి, "అమ్మతో ఈ మాట నువ్వు చెప్తావా? నావల్ల కాదు" అని చేలోకి వెళ్ళిపోయారు. అదీ మగాళ్ళ ధైర్యం! నువ్వు పెట్టిన కుంకం వల్లే పుండు పడిందని అత్తగారితో అనగలమా? అనలేం. ఆవిడ మనసు విరిగిపోతుంది. అలాగని ముత్యాన్ని పంపించేస్తానా? పంపను. అనకుండానే తెలిసేలా చేస్తానని పట్టుబట్టాను.

ఏం చేశానో విను. పొద్దున్నే ఆ మెత్తని నా నడుం వెనకాల కట్టుకున్నాను, పెచ్చు నా ఒంటికి ఆనేలా. పైన చీరముక్క బిగించి కట్టి, ఎండలో ధాన్యం ఎగరబోశాను. కూలికొచ్చిన ఆడవాళ్ళు ఒకటే నవ్వు. మా అత్తగారు అరుగు మీంచి చూసి, "ఏంటే ఆ వేషం, పిచ్చా వెర్రా?" అంది. "ముత్యం మోసేది నేనూ ఓసారి మోసి చూద్దామనండి అత్తయ్యగారూ" అన్నాను. "నీ చాదస్తం తగలెయ్య" అని లోపలికి పోయింది. మధ్యాహ్నానికి మంట పుట్టింది. విప్పేద్దామనిపించింది. నేను విప్పుకోగలను, దానికి విప్పుకునే దారి లేదు కదా అని అలాగే ఉన్నాను. మొండిదాన్నే, ఏం చేస్తాం.

సాయంత్రం వంటింట్లో ఆవిడ ముందు కూర్చుని విప్పాను. ఎర్రగా గుండ్రంగా, పొక్కులెక్కి ఉంది. ఆవిడ చూసింది. మెత్త తిరగేసి చూసింది. ఆ పెచ్చుని గోటితో గీకి చూసింది. తర్వాత కొబ్బరినూనె గిన్నె తెచ్చి నా నడుముకి రాసింది. రాసి, అదే గిన్నె పట్టుకుని కొట్టంలోకి వెళ్ళింది. నేను వెనకాల వెళ్ళి చూద్దును కదా, ముత్యం వీపుకి రాస్తూ, "నా తల్లే, నా తల్లే" అని ఏడుస్తోందమ్మా. నాకూ ఏడుపొచ్చేసింది. ఇప్పటికీ వస్తుంది, చూడు.

బేరగాడు వచ్చాడు. మీ తాతయ్యగారు లేచేలోపే మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "గుర్రం లేదు, ఏమీ లేదు, మజ్జిగ తాగి వెళ్ళు నాయనా" అంది. ముహూర్తాలన్నీ పోతున్నాయని మీ తాతయ్యగారు గొణిగారు. వీపు మీద బొచ్చు మొలిచేదాకా జీను ఎక్కదని అత్తాకోడళ్ళం ఇద్దరం ఒకటే మాట. ఇద్దరాడవాళ్ళు ఒకటైతే ఇంక ఆయనెక్కడ నోరెత్తుతారు?

ఆ పాత మెత్త ఎంత నానబెట్టినా బాగుపడలేదు. నేనే ఏలూరు వెళ్ళి, తివాచీల వాళ్ళ చేత ఒకటి కుట్టించుకొచ్చాను, ఉన్నితో ఉన్న మంచి గొర్రెతోలుది. అదే నీకు చెప్పొచ్చేది, శ్రద్ధగా విను. గుప్పిట్లో నొక్కి వదిలితే బొచ్చు మళ్ళీ లేవాలి. అణిగిపోయి అలాగే ఉండిపోయేది వద్దు. వెన్నెముక మీద కుట్టు రాకూడదు, మధ్యలో సందు ఉండాలి, గాలాడాలి. జీను కన్నా అన్ని వైపులా కాస్త బయటికి రావాలి. వేశాక మూపు దగ్గర మెత్తని పైకెత్తి జీను గూట్లోకి, అదే జీను కింద మధ్యనుండే ఖాళీలోకి, తొయ్యి, లేకపోతే అక్కడే నొక్కేస్తుంది. మరీ మందంది కొనకు, జీను దొర్లిపోతుంది. దిగాక బొచ్చు పైకి పెట్టి నీడలో ఆరెయ్. ఎండలో పెట్టావా, తోలుదైతే అప్పడమే! ఆరాక దువ్వు. ఉతకాలంటే కుంకుడురసం, చన్నీళ్ళు. ఆ డబ్బాల సబ్బు వద్దు, పిండొద్దు, మన చాకిరేవులో బాదినట్టు బాదొద్దు. నువ్వు గుర్రాన్ని ఉంచేదేమో కొల్లేట్లో మీ చేపల చెరువు గట్టు మీద, ఎప్పుడూ తేమే. వేపాకు పెట్టి, గాలి తగిలేలా వేలాడదియ్. చేపల మేత బస్తాల పక్కన మాత్రం పెట్టకే, ఆ కంపు ఇంక వదలదు.

ముత్యమా? ఎందుకు వెళ్ళలేదూ, మళ్ళీ వెళ్ళింది. మొదటి పెళ్ళి కొల్లేటి లంకలోనే. రెండు పడవలు కలిపి కట్టి పైన బల్లలు వేసి ఎక్కించారు. పెళ్ళికొడుకు భయపడ్డాడు గానీ అది చెవి కూడా కదపలేదు. చాలా ఏళ్ళు మోసింది. మా కొట్టంలోనే పోయింది, మా చేతుల మీదే.

మా అత్తగారు మాత్రం బొట్టు మానలేదు. జీనుకి పెట్టాల్సింది కొట్టం గడపకి పెట్టేది. అప్పట్నుంచీ ఏ కొత్త వస్తువొచ్చినా పసుపు గిన్నె పట్టుకుని ముందు నన్ను పిలిచేది. "ఇది ఎవరి ఒంటికి ఆనుతుందే కోడలా?" అని అడిగి, అప్పుడు పెట్టేది. మంచం పట్టాక కూడా. ఆఖర్లో నేను ఆవిడకి కొత్త దుప్పటి కప్పుతుంటే, "నా ఒంటికే ఆనుతుంది, బొట్టు వద్దులే" అని నవ్వింది.

మీ గుర్రం షెడ్డుకి గడప లేదన్నావు కదూ? ఓ చెక్క వేయించు. మెత్త వచ్చిన రోజు కబురు పెట్టు, నేనే వచ్చి గడపకి పసుపు రాస్తాను. నా మోకాళ్ళ సంగతి నాకొదిలెయ్, వస్తానంటే వస్తాను. ముందు మెత్త మీద నీ చెంప ఆనించి చూడు. నీ చెంపకి గుచ్చుకుంటే దాని వీపుకీ గుచ్చుకుంటుంది. చల్లగా ఉండవే తల్లీ, నువ్వూ, నిన్ను మోసేదీ. ఇంక ఆ రికార్డు ఆపు, పాలు పొంగుతున్నట్టున్నాయి...